నమ్మకం సడలిన మనిషి చేసే సేవ నటనే అవుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఆరేళ్లుగా మీ ప్రార్థన బృందంతో కలిసి ప్రతి శనివారం ఒక వృద్ధాశ్రమానికి వెళ్తున్నారు. ఏడాదిన్నర కిందట దేవుడు నిజంగా ఉన్నాడా అనే అనుమానం మొదలైంది, ఇప్పుడది లోపల తిష్ఠ వేసుకుని కూర్చుంది. బృందంలో ఎవరికీ చెప్పలేదు. "నమ్మకం లేకుండా చేసే సేవ కపటం కాదా? దానికి పుణ్యం ఉంటుందా? మానేస్తే కనీసం నిజాయితీగానైనా ఉంటాను కదా?" అని అడిగారు. మధ్యలో ఎక్కడో, అక్కడి పెద్దాయన ఒకరు మీరు తప్ప ఎవరు గోళ్లు తీస్తామన్నా చెయ్యి ఇవ్వరని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మానకండి. మీరు చేస్తున్నది కపటం కాదు. లేని నమ్మకాన్ని ఉన్నట్టు చూపించే చోట కపటం మొదలవుతుంది. గోళ్లు తీయడంలో అలాంటి చోటు లేదు. పక్కన కూర్చుని ప్రార్థన చెప్పించడంలో ఉంది. ఈ రెంటినీ విడదీసుకుంటే మీ టెన్షన్‌లో ముప్పాతిక భాగం తగ్గుతుంది. మిగతా పాతిక గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను 11 ఏళ్లు నర్సుగా చేశాను. ఆ తర్వాత 16 ఏళ్లుగా పాలియేటివ్ కేర్‌లో ఉన్నాను, అంటే నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకు నొప్పీ బాధా తగ్గించే వైద్యం. అక్కడికి వచ్చే వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. దేవుడి మీద అనుమానం పుట్టడానికి ఆ వార్డును మించిన చోటు లేదు. గట్టిగా నమ్మేవాళ్లు, అసలు నమ్మనివాళ్లు, నమ్మకం ఎప్పుడు పోయిందో కూడా గమనించుకోనివాళ్లు, అందరూ నా చేతుల మీదుగా వెళ్లారు. నా సంగతి అడిగితే, పొద్దున డ్యూటీకి వచ్చేటప్పుడు దేవుడు ఉంటాడు, రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు కొన్నిసార్లు ఉండడు. ఇన్నేళ్లలో దీన్ని సరిచేసుకోలేదు. సరిచేసుకోవాలని ఇప్పుడు ప్రయత్నించడం కూడా లేదు.

ముందు ఒక కుర్రాడి గురించి చెప్పాలి. మా దగ్గరికి మూడేళ్లు క్రమం తప్పకుండా వచ్చాడు. పేషెంట్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం (ఒకే వైపు పడుకుంటే ఒంటికి పుండ్లు పడతాయి), జుట్టు దువ్వడం, ఉత్తరాలు రాసిపెట్టడం, ఏది చెప్పినా చేసేవాడు. ఒక ఏడాది రావడం తగ్గింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఫోన్ చేస్తే "నమ్మకం పోయింది మేడమ్, ఇక నాకు చేయాలనిపించడం లేదు" అన్నాడు. మీలాగే, ఈ రెండూ ఒకటే అనుకున్నాడు.

మాట్లాడుతూ పోతే అసలు సంగతి బయటపడింది. నమ్మకం సడలగానే వాళ్ల ప్రార్థన మందిరానికి వెళ్లడం మానేశాడు. మా వార్డుకు వచ్చే వ్యాను ఆదివారం పొద్దున ఆ మందిరం ముందు నుంచే బయల్దేరేది. తొమ్మిది మంది స్నేహితులు అందులో ఎక్కేవాళ్లు, ఇతనూ ఎక్కేవాడు. మందిరం మానేశాక వ్యాను లేదు, ఆ తొమ్మిది మంది లేరు, "రేపు వస్తున్నావుగా" అని శనివారం రాత్రి వచ్చే మెసేజ్ లేదు. ఆదివారం పొద్దున నిద్ర ఉంది. అంతే. నేను అతనితో దేవుడి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "వచ్చే ఆదివారం ఎనిమిదింటికి గేటు దగ్గర నేను నిలబడి ఉంటాను, నువ్వు రావాలి" అన్నాను. వచ్చాడు. ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చాడు. నమ్మకం తిరిగొచ్చిందో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఈ ఒక్క విషయం మీకు అర్థమైతే చాలని నా ఉద్దేశం. అనుమానం వచ్చిన మనిషిలో ముందు పోయేది మంచితనం కాదు, టైమ్‌టేబుల్. ఆ తర్వాత తోటివాళ్లు పోతారు. మతం మనకు నమ్మకం ఒక్కటే ఇవ్వదు. ఒక రోజు, ఒక వేళ, పది మంది, మనం రాకపోతే అడిగే మనిషి, ఇవన్నీ కూడా ఇస్తుంది. నమ్మకం పోయినప్పుడు వీటిని కూడా కలిపి బయట పడేస్తాం. ఆరు నెలల తర్వాత వెనక్కి చూసుకుని "దేవుణ్ని నమ్మనప్పటి నుంచి స్వార్థపరుణ్ని అయిపోయాను" అనుకుంటాం.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో రాబర్ట్ పట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి మత జీవితం మీద పెద్ద ఎత్తున సర్వేలు చేసి 2010లో ప్రచురించారు. క్రమం తప్పకుండా ప్రార్థనలకు వెళ్లేవాళ్లు దానాలు, సేవ ఎక్కువగా చేస్తున్నారని తేలింది. అది కూడా తమ మతానికి సంబంధించిన పనులే కాదు, బయటి పనులు కూడా. కానీ కారణం వెతికితే, ఎంత గట్టిగా నమ్ముతారన్నది కాదు, ఆ సమాజంలో ఎంతమంది స్నేహితులున్నారన్నది తేడా తెచ్చింది. భార్య వల్లో భర్త వల్లో ఆ బృందంతో కలిసిమెలిసి తిరిగే నాస్తికుడు, ఇంట్లో ఒంటరిగా ప్రార్థన చేసుకునే పరమ భక్తుడికన్నా సేవకు ముందుకొచ్చే అవకాశం ఎక్కువట. ఇది చదివినప్పుడు నాకు ఆ వ్యానే కళ్లముందు మెదిలింది.

ఇంకో ప్రయోగం గురించి కూడా చెప్పాలి, శిక్షణ తరగతుల్లో నేను ప్రతిసారీ చెప్పేది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1973లో ప్రచురించారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులు. వాళ్లను పక్క భవనానికి వెళ్లి ప్రసంగం చేయమన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం, దారిన పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుని బైబిల్ కథ. దారిలో ఒక మనిషి తలుపు దగ్గర వాలిపోయి, దగ్గుతూ, మూలుగుతూ ఉన్నాడు. అది పరిశోధకులు పెట్టిన ఏర్పాటు. ఎవరు ఆగారు? తొందర లేనివాళ్లలో 63 శాతం, కొంచెం తొందరున్నవాళ్లలో 45 శాతం, "ఆలస్యమైంది, పరుగెత్తండి" అని పంపించినవాళ్లలో 10 శాతం. మతం పట్ల ఎలాంటి దృష్టి ఉంది, భక్తి ఏ రకానిది అన్నదాన్ని బట్టి ఎవరు ఆగుతారో చెప్పలేకపోయారు. సమరయుని కథ మీద ప్రసంగించడానికి వెళ్తూ, పడి ఉన్నవాణ్ని దాటుకుని అడుగేసినవాళ్లు కూడా ఉన్నారు.

నలభై మందితో లోకం మొత్తాన్ని తూచలేం, ఒప్పుకుంటాను. అయినా వార్డులో నేను చూసేదానికి ఇది బాగా దగ్గరగా ఉంది. మా వాలంటీర్లలో ఎవరు మంచివాళ్లు అంటే, చేతిలో టైమ్ ఉన్నవాళ్లు అని సగం సరదాగా, సగం నిజంగా చెప్తుంటాను.

ఇప్పుడు కపటం సంగతి. దీని గురించి నేను చేసిన తప్పే చెప్తాను.

నర్సుగా ఉన్న రోజుల్లో ఒక పెద్దావిడ ఉండేది. చివరి వారాలు. మింగలేదు, అందుకని తడిపిన దూదితో పెదాలు, నాలుక, చిగుళ్లు తుడుస్తూ ఉండాలి, లేకపోతే నోరు ఎండి పగిలిపోతుంది. ఒక రాత్రి ఆ పని చేస్తుంటే "నాతో కలిసి ప్రార్థన చెయ్యమ్మా" అంది. ఆ నెలలో నా లోపల ఏమీ లేదు. వార్డులో వరసగా ముగ్గురు పోయారు, అందులో ఒకరు పద్నాలుగేళ్ల పిల్ల. అయినా దూది పక్కన పెట్టి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని పెదాలు కదిపాను. కాసేపటికి ఆవిడ మెల్లగా, "పెదాలు కదులుతున్నాయి గానీ నువ్విక్కడ లేవు. పోనీలే, ఆ దూది తడి చేసి పెట్టు" అంది.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఆవిడకు నా నమ్మకంతో పని లేదు, నేనక్కడ ఉండటంతో పని. దూది పట్టుకున్నప్పుడు నేను పూర్తిగా ఆవిడ దగ్గరే ఉన్నాను, ఎక్కడ నొప్పి తగులుతుందో, ఎంత తడి ఉండాలో చూస్తూ. చేతులు జోడించిన క్షణంలో వెళ్లిపోయాను.

అప్పటి నుంచి వాలంటీర్లకు చెప్పేది ఇది. ఎవరైనా ప్రార్థన చేయమంటే "మీరు చెప్పండి, నేను పక్కన కూర్చుని వింటాను" అనండి. చెయ్యి పట్టుకోండి. చదివి వినిపించమంటే చదవండి, చదవడం అబద్ధం కాదు. వాళ్ల మాటలకు మీ గొంతు అరువిస్తున్నారు, అంతే. "నాకు కూడా దేవుడు అలాగే మేలు చేశాడండీ" లాంటి సాక్ష్యం మాత్రం చెప్పకండి. అది ఒక్కటి దాటితే మీరే మిమ్మల్ని భరించలేరు.

ఒకవేళ ఎవరైనా నిలదీసి అడిగితే? అడుగుతారు. చావు దగ్గరపడ్డ మనిషి మొహమాటపడడు. ఇంకో వాలంటీర్, నలభై దాటిన లెక్కల టీచరు, మనసులో పూర్తి సంశయవాది. రోజూ ఒక ముసలాయన మంచం దగ్గర కూర్చునేవాడు. ఆయన జీవితమంతా భక్తిలో గడిపిన మనిషి, ఇంటిల్లిపాదికీ నేర్పిన మనిషి. నేను పక్క మంచం దగ్గర ఉన్నాను, వినబడింది.

"దేవుడున్నాడంటావా?"

టీచరు చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలీదు తాతగారూ" అన్నాడు.

ఆయన కళ్లు మూసుకుని, "నాకూ తెలీదురా. మా ఇంట్లో ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ క్రికెట్ స్కోరు గురించి మాట్లాడుకున్నారు. ఆయన కొడుకులు రోజూ వచ్చి ధైర్యం చెప్పేవాళ్లు, వాళ్ల ఎదుట ఆయన తన భయం ఎన్నడూ బయటపెట్టలేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఆయనకు ఒక అనుమానపు మనిషే కావలసి వచ్చింది. అనుమానం ఉన్నవాళ్లే మంచి వాలంటీర్లు అని నేను అనను. నమ్మకమున్నవాళ్లు పక్కనుంటే నిబ్బరంగా కన్నుమూసినవాళ్లను అంతకు ఎన్నో రెట్లు చూశాను. కానీ మీ అనుమానం ఆ వృద్ధాశ్రమంలో పనికిరానిది మాత్రం కాదు.

పుణ్యం గురించి అడిగారు. మా దగ్గర వాలంటీర్లు తరచుగా గీతలోని "సంశయాత్మా వినశ్యతి" అన్న మాట పట్టుకుని భయపడుతుంటారు. మీరు ఏ మతంలో పెరిగారో రాయలేదు, అయినా ఇది చెప్తాను. అది నాలుగో అధ్యాయం, 40వ శ్లోకం. అనుమానించేవాడు నశిస్తాడని. సరే. కానీ ఆరో అధ్యాయానికి వచ్చేసరికి అర్జునుడే, మధ్యలో మనసు చెదిరి దారి తప్పినవాడి గతి ఏమిటి, చెదిరిన మబ్బులా రెంటికీ చెడిపోతాడా అని అడుగుతాడు. ఈ నా సంశయం నువ్వే తీర్చాలంటాడు. సమాధానం 40వ శ్లోకంలో వస్తుంది. ఇక్కడా అక్కడా అతనికి వినాశం లేదు, "న హి కల్యాణకృత్ కశ్చిద్ దుర్గతిం తాత గచ్ఛతి", మంచి చేసేవాడెవడూ దుర్గతి పాలు కాడు నాయనా, అని. పండితులు నన్ను సరిదిద్దవచ్చు: అక్కడ చెప్పింది శ్రద్ధ ఉండి నిలకడ లేనివాడి గురించి, నాస్తికుడి గురించి కాదు. నిజమే. అయినా మొదటి మాటతో బెదిరించేవాళ్లు రెండో మాట ఎప్పుడూ చెప్పరెందుకో.

శ్రద్ధ అంటే గుర్తొచ్చింది. అశ్రద్ధతో చేసిన హోమం, దానం, తపస్సు అన్నీ అసత్తే, అంటే లేనట్టే, అని పదిహేడో అధ్యాయం చివర ఉంది. మీ భయానికి అసలు మూలం ఇలాంటిదే అయ్యుంటుంది. శాస్త్రాల్లో శ్రద్ధ అంటే విశ్వాసం. మన తెలుగులో మాత్రం ఆ మాట వేరే దారి పట్టింది. "శ్రద్ధగా చదువు", "పిల్లాడి మీద శ్రద్ధ పెట్టు" అంటాం, దేవుడి ప్రసక్తే లేకుండా. మనసు పెట్టడం అని అర్థం. "అశ్రద్ధ చేశారు" అంటే పట్టించుకోలేదు అని. శాస్త్రం ఉద్దేశం ఇదని నేను వాదించను, కానీ ఒక ముసలాయన వేలు పట్టుకుని గోరు తీసేటప్పుడు ఏ శ్రద్ధ కావాలో మన ఇంటి భాషకు బాగా తెలుసు.

క్రైస్తవంలో పెరిగినవాళ్లకైతే మత్తయి సువార్త 21వ అధ్యాయంలోని ఇద్దరు కొడుకుల కథ గుర్తుచేస్తాను. తోటలో పని చేయమని తండ్రి అడిగితే ఒకడు "వెళ్లను" అన్నాడు గానీ తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఇంకొకడు "వెళ్తానయ్యా" అని వెళ్లలేదు. తండ్రి మాట నెరవేర్చింది ఎవరు అన్నదే అక్కడి ప్రశ్న. ఆ కథలో నాకు నచ్చేది, వెళ్లినవాడు ఎందుకు వెళ్లాడో పెద్దగా వివరించకపోవడం.

మదర్ థెరెసా పేరు ఎలాగూ ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి నేనే తెస్తాను. ఆవిడ 1997లో చనిపోయాక, పదేళ్లకు 2007లో ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. లోపల అంతా చీకటి, దేవుడు లేడేమో అన్నంత శూన్యం అని తన ఆధ్యాత్మిక గురువులకు రాసుకున్నారు. మధ్యలో కొద్ది వారాలు తప్ప ఆ స్థితి దాదాపు 50 ఏళ్లు సాగింది. ఆ ఉత్తరాలు తగలబెట్టేయమని కూడా అడిగారు. ఇదంతా తెలిసిన తర్వాతే, 2016లో, చర్చి ఆవిణ్ని పునీతురాలిగా ప్రకటించింది. అనుమానంతో కూడా జీవితకాలం సేవ చేయొచ్చని చెప్పడానికి అందరూ దీన్నే వాడుకుంటారు.

నా రంగం కాబట్టి నేను ఇంకొకటి కూడా చూస్తాను. 1994లో లాన్సెట్ వైద్య పత్రికలో రాబిన్ ఫాక్స్ ఆవిడ ఆశ్రమం చూసి వచ్చి రాసిన వ్యాసంలో, అక్కడ గట్టి నొప్పి మందులు లేకపోవడాన్ని ఎత్తిచూపాడు. క్యాన్సర్ చివరి దశలో మార్ఫిన్ లాంటి మందు లేకపోతే ఆ మంచం మీద ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆవిడకు నమ్మకం ఉందా లేదా అన్నదాని మీద వచ్చినన్ని వ్యాసాలు ఈ విషయం మీద రాలేదు. పడుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఏది ముఖ్యమో మీరే చెప్పండి.

రెండో వైపు నుంచి కూడా ఒక ఉదాహరణ. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు. నాస్తికత్వం వల్ల 1933లో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుని, 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, జీవితమంతా అంటరానితనం మీద పోరాడారు. ఆయన కూతురికీ దళిత యువకుడికీ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. 1948 జనవరిలో గాంధీ హత్య జరిగింది. పెళ్లి ఆ మార్చిలో అక్కడే అయింది. దేవుడి విషయంలో ఆ ఇద్దరూ చివరిదాకా ఒక మాట మీదికి రాలేదు. పెళ్లి పని మాత్రం ఆగలేదు.

ఇంతవరకూ మీకు అనుకూలంగానే రాశాను. ఇప్పుడు జాగ్రత్తలు.

సేవను దేవుడికి పరీక్షగా పెట్టకండి. "సేవ చేస్తూ పోతే నమ్మకం తిరిగొస్తుంది" అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. వస్తే రావచ్చు. కానీ అందుకోసమే చేస్తే, ప్రతి శనివారం ఇంటికొచ్చి "ఇవాళ ఏమైనా తెలిసిందా?" అని లోపల వెతుక్కుంటారు. ఒకావిడ మా దగ్గర ఒక పాపను దత్తత తీసుకున్నంతగా చూసుకుంది. ఈ పాప బతికితే దేవుడున్నట్టే అని మనసులో కట్టుబాటు పెట్టుకుంది, మాకు తెలీదు. పాప పోయింది. మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. ఆ వార్డులో ఇంకో పదకొండు మంది పిల్లలు ఉన్నారు, ఆవిడ కోసం అడిగారు. తప్పు ఆవిడదని అనను. అంత బరువు ఒక పాప మీద పెట్టకుండా ఉండాల్సింది.

అనుమానమా, అలసటా, డిప్రెషనా అన్నది చూసుకోండి. బయటికి మూడూ ఒకేలా కనబడతాయి. దేవుడి మీద మాత్రమే ఆసక్తి పోయిందా, పాటల మీద, స్నేహితుల మీద, నిద్ర మీద, తిండి మీద కూడా పోయిందా? అన్నిటి మీదా పోయి రెండు వారాలు దాటితే అది తత్వశాస్త్రం సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోవాలి. అలాగే కొందరికి "నా ఉద్దేశం స్వచ్ఛంగా ఉందా, లేదా" అని రోజంతా తవ్వుకునే జబ్బు ఉంటుంది. ఎంత తవ్వినా తృప్తి ఉండదు. ఒకే ఆలోచన వదలకుండా వేధించే ఓసీడీ అనే మానసిక సమస్యలో అది ఒక రకం, దానికి మంచి చికిత్స ఉంది. మీ ఉత్తరంలో "నా ఉద్దేశం స్వచ్ఛంగా లేదు" అన్న మాట నాలుగు చోట్ల ఉంది, అందుకే చెప్తున్నాను. కంగారు పడకండి, ఒకసారి గమనించుకోండి చాలు.

ఈ మధ్య మీ ఇంట్లో ఎవరైనా పోయి, దాని వల్ల దేవుడి మీద కోపం వచ్చి, ఆ కోపం అనుమానంగా మారి ఉంటే అది వేరే కథ. అలాంటివాళ్లను నేను కొన్ని నెలలు మంచాల దగ్గరికి పంపను. బట్టలు మడతపెట్టడం, మందుల రిజిస్టర్ రాయడం లాంటివి ఇస్తాను. పూర్తిగా మాన్పించను, ఎందుకంటే మానినవాళ్లు తిరిగి రావడం చాలా కష్టం.

బృందానికి చెప్పాలా? అందరికీ చెప్పక్కర్లేదు. అనుమానం అనేది ప్రకటన చేయాల్సిన విషయం కాదు, రేపు మారవచ్చు కూడా. కానీ బృందాన్ని నడిపే మనిషికి చెప్పండి. "నాకు ఇప్పుడు ప్రార్థన చేయించే పని వద్దు, మిగతాది ఏదైనా చేస్తాను" అంటే చాలు. కారణం అడిగితే చెప్పండి. నా అనుభవంలో సగం మంది నాయకులు "నాకూ ఒకప్పుడు అలాగే ఉండేది" అంటారు. మిగతా సగంలో కొందరు మిమ్మల్ని మార్చాలని చూస్తారు, కొందరు నొచ్చుకుంటారు. ఒకవేళ వాళ్లు వెళ్లేదే మతం ప్రచారం చేయడానికైతే, సేవ అనేది దానికి ముసుగైతే, అక్కడి నుంచి బయటికొచ్చి నేరుగా ఆశ్రమం వాళ్లతో మాట్లాడుకోండి. శనివారం మాత్రం మార్చకండి. రోజు మారితే మూడు వారాల్లో జారిపోతుంది, చాలామందిని చూశాను.

కొత్తగా అనుమానం వచ్చినవాళ్లలో ఇంకో రకం ఉంటారు, ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. దేవుడు లేకపోయినా నేను మంచివాణ్నే అని నిరూపించుకోవడానికి వారానికి ఐదు రోజులు వచ్చేస్తారు. ఆరు నెలల్లో కాలిపోతారు. మీరు ఆ రకం అనిపించలేదు.

"పుణ్యం రాకపోతే ఇదంతా ఎందుకు?" అనే ప్రశ్న మీరు నేరుగా అడగలేదు గానీ వెనకాల అదే ఉంది. నేనూ ఒకప్పుడు లెక్క రాసుకున్నదాన్నే. ఇంతమందిని చూసుకున్నాను కాబట్టి నా పిల్లలకు ఏమీ కాదు అని. ఆ లెక్క పోయినప్పుడు భయమేసింది, నిజంగానే చేతులు చల్లబడ్డాయి. కొన్ని వారాల తర్వాత ఒక మార్పు గమనించాను. అంతకుముందు పేషెంటు "థాంక్యూ అమ్మా" అనకపోతే కొంచెం చురుక్కుమనేది, అనడం లేదేమిటా అని. లెక్కపుస్తకం లేకపోయాక ఆ చురుకు కూడా తగ్గింది. తిట్టేవాళ్ల దగ్గర కూడా కూర్చోగలిగాను. ఇది గొప్పతనం కాదు. ఎదురుచూసేది తగ్గితే నొచ్చుకునేదీ తగ్గుతుంది, అంతే. అందరికీ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వను. కొందరికి ఆ లెక్కే ఊతకర్ర, తీసేస్తే పడిపోతారు. అలాంటివాళ్ల చేతిలోంచి దాన్ని లాగడం నాకు ఇష్టం ఉండదు. మీరు కూడా బృందంలో ఎవరి దగ్గరా లాగకండి.

ఇక ఆ పెద్దాయన గోళ్ల సంగతి, నర్సుగా చెప్తున్నాను. ముసలివాళ్ల గోళ్లు గట్టిగా, పెళుసుగా ఉంటాయి. ముందు పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో వేళ్లు నాననివ్వండి, నీళ్ల వేడి మీ చేత్తో చూసుకోండి, ఆయన చర్మానికి వేడి సరిగా తెలియకపోవచ్చు. తుడిచి, అడ్డంగా, తిన్నటి గీతలా కత్తిరించండి, మూలల్లోకి లోతుగా వెళ్లకండి. మిగిలిన అంచు ఆకురాయితో నున్నగా చేయండి. ఆయనకు షుగర్ ఉందేమో ఆశ్రమం వాళ్లను కనుక్కోండి. ఉంటే కాలి గోళ్లు మీరు ముట్టుకోకుండా నర్సుకు వదిలేయండి, చిన్న గాటు కూడా త్వరగా మానకపోవచ్చు. చేతి గోళ్లు మీరే తీయండి. ఎటూ ఇంకెవరికీ చెయ్యి ఇవ్వరు కదా.